మెదడు - విద్యుత్తు - సమ్మతి

‘కరెంటు పెడతారట’ అన్న మాట చెవిని పడగానే రోగి బంధువుల ముఖాలు వెలవెలబోవడం మానసిక వైద్యశాలలలో కొత్త దృశ్యం కాదు. మరొకవంక, మెదడులో సన్నని తీగ అమర్చగా ఏళ్ళ తరబడి వణికిన చేయి నిలకడ పొందినదని చదివినప్పుడు అదే విద్యుత్తు అద్భుతమని తోస్తుంది. ఆ భయమూ, ఈ ఆశ్చర్యమూ ఒకే తావు నుండి పుట్టినవి. మెదడుపైన, నరాలపైన ప్రయోగించే విద్యుత్తు ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, ఎవరి అనుమతితో చేయాలి అనే విషయాలు సామాన్యులకు చేరకపోవడమే ఇందుకు కారణం. ఈ మూడు సంగతులూ తెలిసిన కుటుంబం చికిత్సను అంగీకరించినా, వద్దన్నా వివేకంతోనే ఆ నిర్ణయం చేస్తుంది.

మెదడు సొంత భాష

మానవ మస్తిష్కంలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నవని అంచనా. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి భాగం వెలుపలి భాగం కంటె దాదాపు 70 మిల్లీవోల్టులు ఋణాత్మకంగా ఉంటుంది. కణం ఉత్తేజం పొందినప్పుడు సోడియం, పొటాషియం అయాన్లు దాని పొర గుండా కదలుతాయి. దానితో ఈ తేడా క్షణకాలం తారుమారై, ఆ మార్పు ఒక అలవలె నాడీతంతువు పొడవునా సాగిపోతుంది. తంతువు చివర విడుదలయ్యే రసాయనం ఆ సందేశాన్ని తరువాతి కణానికి అందజేస్తుంది. చూపు, మాట, నడక, జ్ఞాపకం, దుఃఖం అన్నీ ఈ విధమైన సందేశాల రాకపోకల మీదనే ఆధారపడి ఉన్నవి.

కనుక మెదడుకు విద్యుత్తు పరాయిది కాదు. బయటి నుండి తగిన చోట, తగిన పరిమాణంలో ప్రయోగించిన విద్యుత్తు ఆ సందేశాలను ప్రేరేపించగలదు, అణచగలదు, లేదా వాటి లయను మార్చగలదు. తగని చోట, తగని పరిమాణంలో ప్రయోగిస్తే హాని చేయగలదు. ఈ శాస్త్రం చరిత్ర అంతా ఆ ‘తగిన’ అనే మాటకు అర్థం వెదకిన చరిత్ర.

చేప నుండి కప్ప వరకు, కప్ప నుండి మనిషి వరకు

విద్యుత్తుకు పేరైనా లేని కాలంలోనే దానితో వైద్యం జరిగినది. క్రీస్తు శకం మొదటి శతాబ్దికి చెందిన రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, తలనొప్పికి, కాళ్ళ వాతపు నొప్పికి విద్యుత్తు పుట్టించే టార్పెడో చేపను తాకించవలసినదిగా వ్రాశాడు. తిమ్మిరి ఎక్కిన అవయవానికి కొంతసేపు నొప్పి తెలియదు.

ఇటలీలోని బొలోనా నగరంలో లూయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాళ్ళు విద్యుత్తు తగిలినప్పుడు ఎగిరిపడడం గమనించి, 1791లో ఆ ప్రయోగాలను ప్రకటించాడు. నరాలలో ప్రసరించేది ఏదో అగోచరమైన ప్రాణవాయువు అన్న పురాతన విశ్వాసం అక్కడి నుండి సడలసాగినది. 1870లో బెర్లిన్‌లో గుస్టావ్ ఫ్రిచ్, ఎడ్వర్డ్ హిట్జిగ్ అనే ఇద్దరు వైద్యులు కుక్క మెదడు పైపొరలో ఒక భాగాన్ని స్వల్పమైన విద్యుత్తుతో తాకించగా, శరీరపు ఎదుటి పార్శ్వంలోని కండరాలు కదిలినవి. మెదడులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క స్థానం ఉన్నదనడానికి ఇది బలమైన ప్రయోగ నిదర్శనం.

నాలుగేళ్ళకే ఈ ప్రయోగం మనిషి వరకు వచ్చినది. అమెరికాలోని సిన్సినాటి నగరంలో రాబర్ట్స్ బార్తొలో అనే వైద్యుడు, పుండు తినివేయగా పుర్రె ఎముక తొలగి మెదడు బయటపడిన మేరీ రాఫర్టీ అనే రోగిణిపై 1874లో ఈ పరీక్ష జరిపాడు. సూదివంటి ఎలక్ట్రోడ్లు మెదడులోనికి గుచ్చి స్వల్పంగా విద్యుత్తు పంపినప్పుడు ఎదుటి పార్శ్వపు కాలుసేతులు ముడుచుకున్నవి. ఆయన అక్కడ ఆగలేదు, విద్యుత్తును పెంచాడు. ఆమె బాధతో విలవిలలాడి, మూర్ఛ వచ్చి, స్పృహ కోల్పోయినది. కొన్ని రోజులకు మరణించినది. ఆమెకు ఆ పరీక్ష వల్ల కలుగగల మేలు ఏమీ లేదు. వైద్యలోకం తీవ్రంగా నిరసించగా బార్తొలో స్వయంగా విచారం వ్యక్తం చేయవలసివచ్చినది. జ్ఞానం లభించినది నిజమే. అయితే దాని మూల్యం చెల్లించినది, ఆ మూల్యమేమిటో గ్రహించే స్థితిలో లేని ఒక నిస్సహాయురాలు.

రోగితో సంభాషణ

ఈ చేదు అనుభవానికి ప్రత్యుత్తరమా అన్నట్లు, ఇరవయ్యవ శతాబ్దిలో కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు వేరొక పద్ధతిని పెంపొందించారు. 1934లో అక్కడ ప్రారంభమైన నాడీవిజ్ఞాన సంస్థకు ఆయనే స్థాపకుడు. మందులకు లొంగని మూర్ఛరోగంలో, మూర్ఛకు మూలమైన భాగాన్ని కోసి తీసివేయడం ఆయన చేసిన చికిత్స. కాని తీసివేసే భాగంలో మాటకు గాని, చేతి కదలికకు గాని సంబంధించిన స్థానం ఉంటే రోగి మూర్ఛ నుండి బయటపడి మూగవాడు కావచ్చు. మెదడు కణజాలానికి తనంతట తనకు నొప్పి తెలియదు. కనుక తల చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి, రోగిని మెలకువగా ఉంచి, మెదడు ఉపరితలాన్ని అక్కడక్కడ స్వల్ప విద్యుత్తుతో తాకుతూ, ‘ఇప్పుడేమి అనిపిస్తున్నది?’ అని ఆయన అడిగేవారు. బొటనవేలిలో జలదరింపు అని ఒకచోట, పెదవి కదిలినదని ఒకచోట రోగి చెప్పేవాడు. మాట్లాడుతున్నవాని మాట హఠాత్తుగా ఆగిపోతే అది వాక్‌స్థానమని గుర్తించి దానిని కాపాడేవారు.

పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రీ 1937లో ప్రకటించిన పటంలో శరీరావయవాలు మెదడులో తమ అసలు పరిమాణాన్ని బట్టి స్థలం పొందలేదు. చేతివ్రేళ్ళకు, పెదవులకు, నాలుకకు విశాలమైన చోటు దక్కగా, వీపుకు, తొడకు కొద్దిపాటి స్థలం మాత్రమే దక్కినది. సున్నితమైన పని చేసే అవయవానికే మెదడులో పెద్ద రాజ్యం! ఈ పటం కోసం ఎవరినీ బలి చేయలేదు. రోగి మేలుకై చేసిన శస్త్రచికిత్సలోనే, రోగి సహకారంతోనే అది తయారైనది. నేటికీ ప్రపంచమంతటా మెదడు శస్త్రచికిత్సలలో ఈ పద్ధతి అనుసరింపబడుతున్నది.

‘షాక్’ చికిత్స: అపకీర్తి, సంస్కరణ

ఈ చికిత్సలన్నింటిలో అత్యంత అపకీర్తి మోసినది ఎలక్ట్రో కన్వల్సివ్ థెరపీ. మూర్ఛ వచ్చిన తరువాత కొందరు మానసిక రోగుల లక్షణాలు తగ్గుతున్నవన్న భావన ఆధారంగా, 1938లో రోమ్ నగరంలో ఉగో చెర్లెట్టి, లూచో బీనీ విద్యుత్తుతో మూర్ఛ తెప్పించే చికిత్సను ప్రారంభించారు. మొదట్లో మత్తు ఇవ్వకుండానే దీనిని చేసేవారు. శరీరమంతా తీవ్రంగా కొట్టుకొనడంతో పళ్ళు విరగడం, ఎముకలు చిట్లడం జరిగేది. కొన్నిచోట్ల చెప్పినమాట వినని రోగులను లొంగదీయడానికి కూడా దీనిని వాడారు. ప్రజల మనస్సులో నాటుకొన్న భయం నిష్కారణమైనది కాదు.

1950 దశకంలో కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్ వంటి మందులు వాడుకలోనికి రావడంతో చికిత్స రూపం మారినది. నేడు రోగికి మొదట మత్తుమందు, తరువాత కండరాల సడలింపు మందు ఇస్తారు. ప్రాణవాయువు అందిస్తూ, కొద్ది సెకన్ల పాటు మాత్రమే విద్యుత్తు పంపుతారు. మెదడులో మూర్ఛ సుమారు నిమిషంలోపల జరిగి ముగుస్తుంది, శరీరం కొట్టుకొనదు. వారానికి రెండు మూడుసార్ల చొప్పున సాధారణంగా ఆరు నుండి పన్నెండు పర్యాయాలు చేస్తారు. ఆత్మహత్యకు పురికొల్పే తీవ్రమైన విషాదరోగంలోను, అన్నపానాలు మాని కట్టెవలె బిగుసుకొనిపోయే స్థితిలోను ఇది శీఘ్రంగా ప్రాణం నిలిపే చికిత్స అని వైద్యులు అంగీకరిస్తారు. లోపం కూడా ఉన్నది. చికిత్స జరిగిన రోజుల జ్ఞాపకాలు చెదరిపోవచ్చు. చాలమందిలో ఈ మరపు క్రమంగా తగ్గుతుంది. కొందరిలో కొన్ని జ్ఞాపకాలు తిరిగి రావు. ఈ విషయాన్ని రోగికి ముందుగా చెప్పడం వైద్యుని ధర్మం.

భారతదేశంలో ఈ ధర్మం నేడు చట్టరూపం దాల్చినది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మత్తుమందు, కండరాల సడలింపు మందు లేకుండా ఈ చికిత్స చేయడాన్ని నిషేధించినది. మైనర్లకు చేయరాదని, తప్పనిసరి అని వైద్యుడు భావించినప్పుడు సంరక్షకుని సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా మండలి ముందస్తు అనుమతి కూడా పొందవలెనని నిర్దేశించినది. అత్యవసర చికిత్స అనే పేరుతో దీనిని ప్రయోగించరాదని పేర్కొన్నది. అదే చట్టం రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని కూడా నిషేధించినది. తనకు మానసిక వ్యాధి వస్తే ఎట్టి చికిత్స చేయాలో, ఎట్టిది చేయరాదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే వ్రాసి ఉంచుకొనే హక్కును ప్రతి వయోజనునికి ఇచ్చినది. మేరీ రాఫర్టీ కాలంలో లేని రక్షణ ఇదే.

లోతున అమర్చిన తీగ

ఆయుర్వేదం కంపవాతమని వర్ణించిన లక్షణాలను 1817లో ఇంగ్లండులో జేమ్స్ పార్కిన్సన్ వివరించగా, ఆ వ్యాధికి ఆయన పేరే స్థిరపడినది. డోపమిన్ అనే రసాయనాన్ని ఉత్పత్తి చేసే మెదడు కణాలు నశించడం వల్ల చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకొనడం, అడుగు ముందుకు పడకపోవడం దీని లక్షణాలు. మందులు కొన్నేళ్ళు బాగా పనిచేసి, తరువాత వాటి ప్రభావం ఒడుదొడుకులకు లోనవుతుంది. పూర్వం తీవ్రమైన వణుకు ఉన్నవారికి మెదడు లోతులలోని థలామస్‌లో ఒక చిన్న భాగాన్ని కాల్చివేసేవారు. కాల్చిన భాగం తిరిగి రాదు. గురి తప్పితే దిద్దుకొనే మార్గం లేదు.

1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో ఆలీం లూయీ బెనాబిద్ ఇటువంటి శస్త్రచికిత్సలోనే, కాల్చడానికి ముందు స్థానం సరియైనదా కాదా అని విద్యుత్తుతో పరీక్షించేటప్పుడు, సెకనుకు వంద స్పందనల స్థాయిలో వణుకు ఆగిపోవడం గమనించారు. కాల్చివేయనవసరం లేకుండా తీగను అక్కడే ఉంచి నిరంతరం విద్యుత్తు పంపితే ఎట్లుంటుందన్న ఆలోచన నుండి నేటి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ రూపొందినది. కోతులలో ఈ వ్యాధి మార్గాలను శోధించిన మలాన్ డిలాంగ్ బృందం, శనగగింజంత ఉండే సబ్‌థలామిక్ కేంద్రకం మితిమీరి పనిచేయడమే అవలక్షణాలకు ఒక ముఖ్యకారణమని 1990లో నిరూపించడంతో గురి మరింత స్పష్టమైనది. 2014లో ఈ ఇద్దరికీ కలిపి లాస్కర్ బహుమతి లభించినది.

ఛాతీపై, మెడఎముక క్రింద చర్మంలోపల చిన్న బ్యాటరీ పరికరం అమర్చి, దాని నుండి మెదడులోని తీగకు సాధారణంగా సెకనుకు 130 స్పందనల చొప్పున విద్యుత్తు పంపుతారు. దీని గొప్పతనమంతా ఒక్క విషయంలో ఉన్నది. దీనిని తగ్గించవచ్చు, పెంచవచ్చు, పూర్తిగా ఆపివేయవచ్చు. అయితే ఇది వ్యాధిని నయం చేయదు. నశించిన కణాలను తిరిగి పుట్టించదు. మందుకు ఇంకా స్పందిస్తున్న రోగికే ఎక్కువ ప్రయోజనం చేకూరుతుంది. రక్తస్రావం, చీము పట్టడం వంటి శస్త్రచికిత్స ప్రమాదాలు, మాట తడబడడం, మనస్తత్వంలో మార్పులు కొందరిలో కనిపిస్తాయి. ఖర్చు లక్షల రూపాయలలో ఉంటుంది. భారతదేశంలోని ప్రధాన నాడీచికిత్సా కేంద్రాలలో ఈ శస్త్రచికిత్స జరుగుతున్నది. కాని అవసరమున్న పేదవానికి అది ఎంతవరకు అందుతున్నదన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

నరం ద్వారా మెదడును చేరడం

కొన్నిసార్లు మెదడును ముట్టుకొననవసరం లేదు. మెడలో సాగే వేగస్ నాడికి తీగ చుట్టి క్రమపద్ధతిలో విద్యుత్తు పంపితే, మందులకు లొంగని కొందరు మూర్ఛరోగులలో మూర్ఛల సంఖ్య తగ్గుతుంది. అమెరికాలో 1997లో ఈ చికిత్సకు అనుమతి లభించినది. వెన్నుపాముపై ప్రయోగించే విద్యుత్తు దీర్ఘకాలపు నొప్పికి ఉపశమనం ఇస్తుంది. స్పర్శ సందేశాలు నొప్పి సందేశాలకు ద్వారం మూయగలవని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి దారి చూపినది. దెబ్బ తగిలిన చోట బిడ్డను తల్లి అరచేతితో రుద్దడంలో ఇమిడి ఉన్న రహస్యం కూడా అదే.

నాడీప్రేరణ సాధించిన విజయాలలో అత్యంత హృద్యమైనది చెవికి సంబంధించినది. పుట్టుచెవుడు గల శిశువు లోపలిచెవిలో కాక్లియర్ పరికరం అమరిస్తే, అది ధ్వనిని విద్యుత్ స్పందనలుగా మార్చి నేరుగా శ్రవణనాడికి అందిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఈ ఖరీదైన చికిత్సను పేద కుటుంబాల పిల్లలకు చేరువ చేసినది. వికలాంగులకు ఉపకరణాలు సమకూర్చే కేంద్ర ప్రభుత్వ పథకంలో కూడా దీనికి స్థానం కలదు. అయితే పరికరం అమర్చిన నాడే బిడ్డ మాట్లాడదు. వినబడుతున్నది అమ్మ పిలుపని మెదడు నేర్చుకొనాలి. ఆ నేర్పు సాధించడానికి చిన్న వయస్సులోనే చికిత్స, తరువాత నెలల తరబడి వాక్ శిక్షణ అవసరం. శిక్షణ మధ్యలో మానివేస్తే లక్షల విలువైన పరికరం పెట్టెలో చేరుతుంది.

పుర్రె తెరవకుండా

మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నారు. ఆ సూత్రంతోనే 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం, తలపై తీగచుట్ట ఉంచి క్షణమాత్రపు అయస్కాంత స్పందనతో మెదడు పైపొరను ప్రేరేపించినది. కోత లేదు, మత్తు లేదు. ఎదుటి చేయి చటుక్కున కదిలినది. దీనినే ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్ అంటారు. మందులు పనిచేయని విషాదరోగానికి దీనిని ఉపయోగించడానికి 2008లో అమెరికా అనుమతించినది. వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు చికిత్స సాగుతుంది. తలలో లోహపు ముక్కలు ఉన్నవారికి ఇది తగదు. అరుదుగా మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నది.

మరొక పద్ధతిలో, ఉప్పునీటితో తడిపిన స్పాంజిలో ఉంచిన రెండు ఎలక్ట్రోడ్లను తలపై అమర్చి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును సుమారు ఇరవై నిమిషాలు పంపుతారు. ఇది నాడీకణాలను నేరుగా పలికించదు. అవి పలికే సంసిద్ధతను కొంచెం హెచ్చిస్తుంది లేదా తగ్గిస్తుంది. జర్మనీలోని గోటింగెన్‌లో నిచే, పౌలుస్ 2000లో ప్రకటించిన పరిశోధన దీనికి కొత్త ఊపు ఇచ్చినది. 1974లో ఏర్పడిన బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీవిజ్ఞాన సంస్థలో, లేని గొంతులు వినిపించే రోగులపై ఈ పద్ధతి ప్రభావాన్ని పరిశోధకులు అధ్యయనం చేశారు.

వ్రేళ్ళతో చూచే మెదడు

చికిత్సతో పాటు జ్ఞానానికి కూడా ఈ సాధనాలు కొత్త మార్గం తెరచినవి. మనిషి చదివేటప్పుడు మెదడులో ఏ భాగం చురుకుగా ఉన్నదో చిత్రాలు తీసే యంత్రాలు చూపగలవు. కాని ఆ భాగం చదువుకు అవసరమా, లేక ప్రక్కవాద్యమా అన్నది చిత్రం చెప్పదు. ఊరిలో ఏ తీగ ఏ వీధికి వెలుగు ఇస్తున్నదో తెలియాలంటే దానిని ఒక క్షణం ఆపి చూడడమే మార్గం. అయస్కాంత స్పందన ఆ పని చేస్తుంది. ఒక భాగం పనిని క్షణకాలం చెదరగొట్టి, ఏది ఆగినదో చూపుతుంది.

లియొనార్డో కోహెన్ బృందం 1997లో ప్రకటించిన ప్రయోగం దీనికి చక్కని ఉదాహరణ. బాల్యం నుండి చూపు లేనివారు బ్రెయిలీ లిపిని వ్రేళ్ళతో చదువుతున్నప్పుడు, మెదడు వెనుకభాగంలోని దృష్టిస్థానంపై స్పందనలు పంపగా వారు తప్పులు చదివారు. చూపున్నవారు ఉబ్బెత్తు అక్షరాలను వ్రేళ్ళతో గుర్తిస్తున్నప్పుడు అదే స్థానంపై స్పందనలు పంపినా అట్టి ఆటంకం కలగలేదు. అనగా, కన్నులకు పనిలేని చోట మెదడు తన దృష్టిస్థానాన్ని ఖాళీగా ఉంచలేదు. దానిని స్పర్శకు, అక్షరానికి అప్పగించినది. స్వతంత్ర భారతదేశం 1951లో భారతీయ భాషలన్నింటికి ఉమ్మడిగా భారతి బ్రెయిలీని స్వీకరించినది. హిందీ ‘క’ కు, తెలుగు ‘క’ కు, బెంగాలీ ‘క’ కు అందులో ఒకే చుక్కలు. ఆ చుక్కలపై వ్రేలు నడిపే విద్యార్థి మెదడులో జరుగుతున్న ఈ అద్భుతమైన సర్దుబాటు, వికలాంగుల విద్య దయాధర్మం కాదని, అది సహజ సామర్థ్యానికి ఇవ్వవలసిన అవకాశమని రుజువు చేస్తున్నది.

అడుగవలసిన ప్రశ్నలు

ఆశతో పాటు జాగరూకత కూడా అవసరం. లోతైన మెదడు ప్రేరణను విషాదరోగానికి ఉపయోగించి చూచినప్పుడు, తొలి చిన్న ప్రయోగాలు కలిగించిన ఆశను తరువాతి పెద్ద పరీక్షలు బలపరచలేదు. జ్ఞాపకశక్తిని, చదువును పెంచుతామనే ప్రకటనలతో ఇంటిలో వాడుకొనే విద్యుత్ పరికరాలు బజారులో అమ్ముడవుతున్నవి. వైద్యుని పర్యవేక్షణ లేకుండా పరీక్షల ముందు విద్యార్థి తలకు వీటిని తగిలించడం వల్ల మేలు సంగతి సందేహాస్పదం. చర్మం కాలడం వంటి కీడు మాత్రం సంభవమే.

ఇట్టి చికిత్సను వైద్యుడు సూచించినప్పుడు కుటుంబం అడుగవలసిన ప్రశ్నలు కొన్నే: ఈ వ్యాధికి దీని ప్రయోజనం పెద్ద పరీక్షలలో నిరూపితమైనదా? ఎన్ని పర్యాయాలు, ఎంత వ్యయం? ఏ దుష్ఫలితాలు తాత్కాలికం, ఏవి శాశ్వతం? మధ్యలో ఆపవచ్చునా? రోగి ఏమంటున్నాడు? చివరి ప్రశ్న తరచుగా అడుగబడదు. బంధువులు, వైద్యుడు మాట్లాడుకొంటూ ఉండగా రోగి ప్రక్కన మౌనంగా కూర్చుంటాడు. మెదడుపై స్వల్ప విద్యుత్తును తాకించిన ప్రతిసారీ పెన్‌ఫీల్డ్ రోగినే అడిగారు. ఆయన పటం అంత నిర్దుష్టంగా రావడానికి ఆ అడగడమే కారణం. రోగిని అడగడం మర్యాద మాత్రమే కాదు, మంచి శాస్త్రం కూడా.